నేననలేదు, బాయిలర్ అంది

నోటితో చెప్పలేని మాటని యంత్రం చేత చెప్పిస్తే అది చెప్పినట్టా, చెప్పనట్టా? ఈ ప్రశ్నకి ఇవాళ్టికీ జవాబు దొరకలేదు. ఇక దొరకదు కూడా. జవాబు చెప్పవలసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయనేమో నోరు విప్పడు.

ఆయన బావగారు. నిజానికి ఆయన తమ్ముడింట్లో లాండ్రీ నడిపే చిన్నకోడలికి మాత్రమే ఆయన బావగారు, అంటే భర్తకి అన్నగారు. కానీ ఆమె పొద్దస్తమానం అలా పిలుస్తుంటే విని విని లాండ్రీలో అందరికీ ఆయన బావగారే అయిపోయాడు. ఉతికేవాళ్ళకి బావగారు, మడతపెట్టేవాళ్ళకి బావగారు, టీ తెచ్చేవాడికి బావగారు. సొంత తమ్ముడు కూడా ఒకరోజు పరధ్యానంలో "బావగారూ, కాస్త తప్పుకోండి" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

బావగారి గుణం ఒక్కటే. మనిషికి చెప్పవలసిన మాట మనిషితో చెప్పడు. మంచి మాటైనా అంతే, చెడ్డ మాటైనా అంతే. ముందు ఆ మాటకి సంబంధించిన వస్తువేదో చూసుకుంటాడు. దానికి అగ్గిపెట్టెంత సెన్సర్ డబ్బీ ఒకటి అంటిస్తాడు. డబ్బీని ఇంటర్నెట్‌కి కలుపుతాడు. ఇక ఆ వస్తువే ఎదుటివాళ్ళ ఫోన్‌లో ప్రత్యక్షమై చెప్పాల్సింది చెబుతుంది. "ఇదేంటి బావగారూ?" అని ఎవరైనా అడిగితే, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "నేననలేదమ్మా, అది అంది" అంటాడు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన పని లిఫ్టులు బాగుచేయడం. లిఫ్టులో ఎక్కినవాళ్ళెవరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు కదా, అదే అంటుకుందని తమ్ముడి వాదన. "చిన్నప్పుడు మాత్రం ఏం మాట్లాడేవాడు కనక? ఆకలేస్తే కంచం తెచ్చి అమ్మ ముందు పెట్టి నిలబడేవాడు. ఇప్పుడు కంచానికి ఇంటర్నెట్ వచ్చింది, అంతే తేడా" అనేవాడు.

ఉద్యోగం నించి రిటైరయ్యాక, ఒక వారం ఉండి పోదామని తమ్ముడి దగ్గరికి వచ్చాడు. ఆ వారం ఎప్పుడు ముగిసిందో ఎవరూ గమనించలేదు. లాండ్రీ వెనక గదిలో మడత మంచం, దాని కింద వైర్ల సంచీ, కిటికీలో పాత ల్యాప్‌టాప్. అదే ఆయన సామ్రాజ్యం.

మొదటి డబ్బీ సబ్బునీళ్ళ డ్రమ్ముకి పడింది. అది ఎప్పుడూ సగం ఉతుకులో అడుగంటేది. ఒకరోజు చిన్నకోడలి ఫోన్ మోగింది. "అమ్మా, నేను అడుగంటుతున్నాను. రేపటికి రాను. డ్రమ్ము." ఆమె ఉలిక్కిపడి, పని మానేసిన మనిషెవరో అనుకుని, ఉన్నవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి లెక్క చూసుకుంది.

ఆ తరవాత డ్రయ్యర్. బట్టలు ఆరబెట్టే ఆ పెద్ద గోళంలో నూలు పీచు పేరుకుపోయి గాలి ఆడక, దుప్పట్లు చెమ్మచెమ్మగా వచ్చేవి. దాన్ని చూసుకునేవాడికి చెప్పాలంటే బావగారికి మొహమాటం. డ్రయ్యరే చెప్పింది: "బాబూ, నాకు ముక్కు దిబ్బడేసింది. కాస్త పీచు తీసి పుణ్యం కట్టుకో." ఆ రోజు నించీ దుప్పట్లు పెళపెళలాడుతూ వచ్చాయి. డ్రయ్యర్ మనిషి కూడా దానికి అలవాటుపడిపోయి, పీచు తీశాక, "ఇప్పుడెలా ఉంది?" అని దాన్ని అడిగేవాడు.

వీధి తలుపుది ఇంకో గోల. చల్లగాలి వస్తే ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరి చెదిరిపోతుందని దానికీ డబ్బీ పెట్టాడు. కాస్త సందు ఉంటే చాలు, ఫోన్లో నస మొదలు: "తలుపు సరిగ్గా వేయలేదు." తమాషా ఏమిటంటే, ఆ తలుపుని రోజూ సరిగ్గా వేయనివాడు బావగారొక్కడే. రెండు చేతుల్లోనూ వైర్లు, చంకలో ల్యాప్‌టాప్, మోచేత్తో తలుపు తోసి వెళ్ళిపోయేవాడు.

వ్యాన్‌కి డబ్బీ పడ్డ రోజు మాత్రం అన్నదమ్ముల మధ్య యుద్ధమే జరిగింది. తమ్ముడే వ్యాన్ నడుపుతాడు. చిన్నకోడలి ఫోన్లో మెసేజ్: "వ్యాన్ టీ కొట్టు దగ్గర ఆగింది." కాసేపటికి: "వ్యాన్ ఇంకా టీ కొట్టు దగ్గరే ఉంది." మరి కాసేపటికి: "వ్యాన్‌కి ఇక్కడ బాగా నచ్చినట్టుంది."

తమ్ముడు ఇంటికొచ్చి గుమ్మంలోనే అందుకున్నాడు. "అన్నయ్యా! సొంత తమ్ముడి మీద చాడీలా?"

"నేననలేదురా. వ్యాన్ అంది."

"వ్యాన్‌కేం తెలుసు, నేను టీ తాగుతున్నానో, టైరు చూసుకుంటున్నానో!"

"టైర్ని అడగమంటావా?" అన్నాడు బావగారు, జేబులోంచి ఇంకో డబ్బీ తీస్తూ.

చిన్నకోడలికి వీటితో మేలే జరిగింది. సబ్బు అయిపోవడం లేదు, దుప్పట్లు ఆరుతున్నాయి, వ్యాన్ వేళకి వస్తోంది. అయినా మనసులో ఏదో గుచ్చుకునేది. ఎప్పుడైనా కోపం వచ్చినా భర్త అన్నగారిని నిలదీసే అలవాటు ఆమెకి లేదు. ఆ మాటలన్నీ భర్తకి అప్పజెప్పేది. "ఆయనకి ఇంకో గ్లాసు టీ కావాలంటే అడగొచ్చుగా! ఫ్లాస్కు చేత 'నేను ఖాళీ' అని మెసేజ్ పెట్టించడమేంటండీ?"

"మరి ఇచ్చావా?"

"ఇచ్చాను. ఇస్తే, 'ఫ్లాస్కుకి చాలా సంతోషంగా ఉంది' అని ఇంకో మెసేజ్."

ఇంతమందిని మాట్లాడించిన ఆయన సొంత ఫోన్ మాత్రం ఎప్పుడూ చచ్చే ఉండేది. ఛార్జింగ్ పెట్టడం గుర్తుండేది కాదు.

ఇంతవరకూ నవ్వుకోడానికి బాగానే ఉంది. చిక్కు బాయిలర్‌తో వచ్చింది.

ఆ లాండ్రీకి ఆధారం ఆసుపత్రి దుప్పట్లు. రోజూ సాయంత్రం వార్డుల్లో పక్కలు మార్చే వేళకి అవి చేరాలి. అంతకుముందొకసారి ఆలస్యమైతే, ఆసుపత్రి స్టోర్సు ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు, "ఇంకోసారి ఇలా జరిగితే మేం వేరేవాళ్ళని చూసుకోవలసి వస్తుందమ్మా." ఆసుపత్రి పోతే లాండ్రీకి మిగిలేది నాలుగు చొక్కాలూ రెండు కర్టెన్లూ. ఆ దుప్పట్లన్నీ ఇస్త్రీ చేయాలంటే ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలర్ కావాలి. ఆ బాయిలర్‌కి జబ్బు చేసింది.

బావగారు దానికి డబ్బీ పెట్టిన కొన్నాళ్ళకి మొదలైంది. పని మంచి ఊపులో ఉండగా ఇస్త్రీ బల్లకి ఆవిరి ఆగిపోయేది. ఫోన్లో మెసేజ్: "నాకు ఆయాసంగా ఉంది. మీరూ కాసేపు కూర్చోండమ్మా. బాయిలర్." కాసేపయ్యాక ఆవిరి బుస్సుమని వచ్చేది. "అమ్మయ్య. ఇప్పుడు బాగుంది" అని ఇంకో మెసేజ్. రోజూ ఇదే తంతు.

"ఎంత మర్యాదైన బాయిలరో, మనల్ని కూడా కూర్చోమంటోంది" అని మడత బల్ల దగ్గరివాళ్ళు నవ్వేవాళ్ళు. చిన్నకోడలికి నవ్వు రాలేదు. ఆయాసం వచ్చింది, రేపు పక్షవాతం రాదని ఏమిటి? కొత్త బాయిలర్ కొనడం ఆమె వల్ల అయ్యే పని కాదు. రాత్రిళ్ళు కలలో బాయిలర్ దగ్గేది. పొద్దున్నే లేచి మొదట దాని దగ్గరికే వెళ్ళి, వేడి తగలకుండా పక్కన గోడ నిమిరి, "ఇవాళ్టికి నడువమ్మా" అనేది.

ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేది ఇస్త్రీ అత్త. చుట్టరికమేం లేదు, అందరూ పిలిచే పిలుపు అది. లాండ్రీ పెట్టిన నాటి మనిషి. నలిగిపోయిన దుప్పటి ఆమె చేతిలోంచి కొత్త కాగితంలా బయటికి వచ్చేది. జుట్టు నెరిసింది, నడుం కాస్త వంగింది, నోరు మాత్రం నిటారుగానే ఉంది. ఆమె పక్కన ఒక ఎత్తు స్టూలు ఉండేది. ఆవిరి ఆగినప్పుడు చేయడానికేం లేక దాని మీద కూర్చుని, బాయిలర్ని నాలుగు తిట్లు తిట్టి, ఆవిరి రాగానే లేచేది.

ఒకరోజు నేల కడుగుతూ ఎవరో ఆ స్టూల్ని తిరగేశారు. "అత్తోయ్! నీ స్టూలు కింద కూడా డబ్బీ ఉంది!"

అత్త ఇస్త్రీ ఆపి వచ్చి చూసింది. నిజమే. చెక్క అడుగున బల్లిలా అంటుకుని ఉంది.

"ఓహో. ఇప్పుడు నేనెంతసేపు కూర్చుంటున్నానో లెక్కలు తీస్తున్నారా?" అంది చిన్నకోడలి వైపు తిరిగి. "ముసలిది, చేతకావడం లేదు, కూర్చునే కాలం గడిపేస్తోంది, అని స్టూలు నీకు చెబుతోందా అమ్మాయ్?"

"అయ్యో అత్తా! స్టూలు నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు. ఒట్టు!"

అది నిజం. అన్ని డబ్బీలూ ఆమె చెవి కొరికేవి కానీ, ఆ స్టూలు ఒక్కనాడూ పలకలేదు.

అత్త బావగారి ముందుకి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీరు చెప్పండి బావగారూ. ఇది ఏం లెక్కపెడుతోంది?"

బావగారు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "అది అంది" అనలేదు, "నేననలేదు" అని కూడా అనలేదు. మొహం ఎర్రబడి, మెల్లిగా వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

"చూశావా, దొంగ దొరికాడు!" అంది అత్త. స్టూలు ఎత్తుకెళ్ళి సామాను గదిలో పడేసి వచ్చింది. "ఇక కూర్చోనే కూర్చోను. లెక్క పెట్టుకోమను!"

మర్నాడు ఆసుపత్రిలో కొత్త వార్డు తెరిచారు. దుప్పట్ల మూటలు గుమ్మం దాకా వచ్చాయి. అత్త పంతం మీద పొద్దున్నించీ నిలబడే లాగిస్తోంది. మధ్యాహ్నం కాకముందే ఆవిరి ఆగింది.

"నాకు ఆయాసంగా ఉంది. మీరూ కాసేపు కూర్చోండమ్మా."

అందరూ ఆగారు. ఎప్పటిలా ఆవిరి వస్తుందని చూశారు. రాలేదు. ఫోన్ మళ్ళీ మోగింది. "కాస్త కూర్చోండమ్మా." ఇంకాసేపటికి, "ఎవరూ కూర్చోవడం లేదేం?"

"ఇప్పుడు కూర్చోడానికి తీరికెక్కడ ఏడ్చింది!" అని ఫోన్ మీద అరిచింది చిన్నకోడలు. బావగారికి ఫోన్ చేసింది. ఎప్పటిలాగే అది చచ్చి ఉంది. మనిషేమో డబ్బీలకి బ్యాటరీలు కొనుక్కొస్తానని, అదీ సంచీ చేత చెప్పించి, బజారుకి వెళ్ళాడు.

బాయిలర్ మేస్త్రిని పిలిపించింది. ఆయన సుత్తితో కొట్టాడు, చెవి ఆనించాడు, మీటర్లు చూశాడు, చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఎలా ఉంది? నాతో నిజం చెప్పండి" అంది చిన్నకోడలు, ఆపరేషన్ గది బయట నిలబడ్డదానిలా.

"నాకన్నా ఆరోగ్యంగా ఉందమ్మా."

"మరి ఆయాసం?"

"బాయిలర్‌కి ఆయాసమేంటి? ఆవిరి నిండుగా ఉంది. ఇదిగో, బల్లకి వెళ్ళే గొట్టం మీద మాత్రం ఎవరో కొత్త వాల్వు పెట్టారు. అది మూసుకుని కూర్చుంది. పక్కన డబ్బీ ఉంది చూశారా? ఎక్కడినించో దీనికి ఎవరో హుకుం ఇస్తే గానీ తెరుచుకోదు. దీని పెద్దమనిషి ఎవరో కనుక్కోండి."

చిన్నకోడలికి సగం ప్రాణం లేచొచ్చింది, సగం పోయింది. బాయిలర్ బతికే ఉంది. కానీ సాయంత్రం దగ్గర పడుతోంది, హుకుం ఇవ్వాల్సిన పెద్దమనిషేమో బజార్లో ఉన్నాడు. వ్యాన్ వాకిట్లో ఖాళీగా నిలబడి ఉంది. వ్యాన్ నడిపే మనిషి ఏడీ?

వెతుక్కుంటూ వెళ్తే సామాను గదిలో, దర్జాగా, ఇస్త్రీ అత్త స్టూలు మీద కూర్చుని కాళ్ళాడిస్తూ కనిపించాడు భర్త.

"ఇల్లు తగలబడుతుంటే మీరిక్కడ కూర్చున్నారా!"

"బాయిలర్ కూర్చోమందిగా" అన్నాడు ఆయన అమాయకంగా. "మొత్తం లాండ్రీలో దాని మాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నన్నే తిడతావు."

ఆమె ఇంకేదో అనబోయింది. ఈలోగా స్టూలు అడుగున చిన్న పచ్చ దీపం మిణుక్కుమంది. అవతల ఇస్త్రీ గదిలో బుస్సుమంది. అందరూ హోరుమని కేకలు పెట్టారు. ఆమె చేతిలో ఫోన్ మోగింది.

"అమ్మయ్య. ఇప్పుడు బాగుంది."

చిన్నకోడలు స్టూలు కిందికి వంగి చూసింది. భర్తని చూసింది. గొట్టం వైపు చూసింది. మళ్ళీ స్టూలు చూసింది.

"లేవకండి" అంది.

"లేవనా?"

"ప్రాణం పోయినా లేవకండి!"

"పెళ్ళైనప్పటినించీ ఈ మాట కోసం ఎదురుచూస్తున్నానే" అన్నాడాయన, ఇంకాస్త వెనక్కి వాలుతూ.

దుప్పట్లు తయారవసాగాయి. మూటలు వ్యాన్‌కి ఎక్కించాలి కనక భర్త లేవక తప్పలేదు. ఆ చోట్లోకి వంతులవారీగా ఒక్కొక్కళ్ళూ వచ్చి కూర్చున్నారు. డ్రయ్యర్ మనిషి కూర్చున్నాడు, మడతలవాళ్ళు కూర్చున్నారు, చివరికి బాయిలర్ మేస్త్రి కూడా "ఇదేదో నేనూ చూస్తాను" అని కాసేపు కూర్చున్నాడు. సాయంత్రానికి ఫోన్లో, "వ్యాన్ ఆసుపత్రి గేటు దగ్గర ఉంది. ఈసారి ఎక్కడా టీ తాగలేదు" అని వచ్చింది. చిన్నకోడలు గోడకి చేరబడి, ఎన్నాళ్ళ తరవాతో, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

బావగారు బ్యాటరీల సంచీతో, తలుపు సరిగ్గా వేయకుండా, లోపలికి వచ్చాడు. ఆమె వెనక గది గుమ్మంలో నిలబడింది. ఈసారి భర్త చేత చెప్పించలేదు.

"బావగారూ, స్టూలు ఏం లెక్కపెడుతుంది?"

ఆయన కళ్ళజోడు తీయబోయాడు. ఆమె చెయ్యి చాపి ఆ కళ్ళజోడు తీసుకుని, తన చెంగుతో తుడిచి ఇచ్చేసింది. ఇక ఆయనకి చేయడానికి పనేం లేకుండా పోయింది.

"కూర్చున్నది లెక్కపెట్టదమ్మా. నిలబడ్డది లెక్కపెడుతుంది" అన్నాడు.

"అంటే?"

"ఊరికే ఒకటి ఎక్కువైతే దానికి అంటించా. మొదటి రోజే చెప్పింది, నా మీద ఎవరూ కూర్చోవడం లేదు అని. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆవిడ ఒక్కసారీ కూర్చోదు. ఆ నడుంతో."

"ఆవిడతోనే చెప్పొచ్చుగా కూర్చోమని?"

"చెప్పా. నోటితోనే చెప్పా." ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఏదో పెద్ద తప్పు చేసినవాడిలా అయిపోయింది. "'ఏం, నేను ముసలిదాన్నైపోయానా?' అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలిదైంది అంటే మీరు మాన్పించేస్తారని భయం. అందుకని..."

"అందుకని?"

"బాయిలర్ని ముసలిదాన్ని చేశా."

చిన్నకోడలికి నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఇన్నాళ్ళూ ఆమె గోడ నిమిరి బతిమాలుకున్నది రోగిష్టి బాయిలర్ని కాదు, రాయిలాంటి బాయిలర్ని. మరో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. దానికి ఆయాసం మొదలైనప్పటినించీ, మాడిన మచ్చతో దుప్పటి ఒక్కటి కూడా ఆసుపత్రి నించి వెనక్కి రాలేదు. అంతకుముందు వారం వారం వచ్చేవి.

"మీరు నాకైనా చెప్పి ఉండొచ్చు. కలలో బాయిలర్ దగ్గుతుంటే చచ్చిపోయాను" అంది.

బావగారు నిజంగానే నొచ్చుకున్నాడు. "దగ్గు నేను పెట్టలేదమ్మా" అన్నాడు.

ఆమె స్టూలు తెచ్చి ఇస్త్రీ బల్ల పక్కన పెట్టింది. "అత్తా, నువ్వు లేకుండా ఈ బల్ల నాకొద్దు. ముందు అది బుర్రలో పెట్టుకో. ఇక ఇది బాయిలర్‌కి సంబంధించిన స్టూలు. నీ లెక్కలు తీసేది కాదు. దూరంగా పెడితే బాయిలర్ అలుగుతుందట."

అత్త స్టూలుని చూసింది, గొట్టాన్ని చూసింది, వెనక గదివైపు చూసింది. ఆవిరి ఆగగానే స్టూలు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటూ, వెనక గదికి వినిపించేలా అంది, "పాపం, ముసలి బాయిలర్. దానికి తోడుగా మనం కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు?"

ఆ రోజు నించీ బాయిలర్ని తిట్టడం మానేసింది.

కొన్నాళ్ళకి చిన్నకోడలి ఫోన్లో కొత్త గొంతు పలికింది. "నన్ను సర్దుతున్నారు. పెట్టె."

బావగారి పాత స్నేహితుడొకాయన మందుల గోదాము నడుపుతున్నాడు. అందులో చల్లగది ఉంది. ఆ చల్లగదిలో పనిచేసేవాళ్ళ గురించి ఆ గది ఏమైనా చెప్పాలనుకుంటోందేమో చూడ్డానికి బావగారు బయల్దేరుతున్నాడు. ఈ సంగతి పెట్టె చెబితేనే అందరికీ తెలిసింది. మళ్ళీ మోగింది: "బరువెక్కువైంది. మూత పడటం లేదు."

వెళ్ళి చూస్తే, ఆయన చొక్కాలన్నీ కొత్త కాగితాల్లా ఇస్త్రీ అయి, పెట్టె మీద దొంతరగా ఉన్నాయి. అత్త ఎప్పుడు చేసిందో, ఎప్పుడు తెచ్చి పెట్టిందో ఎవరూ చూడలేదు.

"ఏంటత్తా ఇది?" అని అడిగితే, "నేనేం చేశాను? ఇస్త్రీ పెట్టె చేసింది" అంది.

మర్నాడు పొద్దున అందరూ పని చేస్తున్నట్టు నటిస్తూ ఓ కన్ను వెనక గది మీద వేసి ఉంచారు. దేని చేత చెప్పిస్తాడో చూద్దామని చిన్నకోడలు ఫోన్ చేతిలోనే పట్టుకుంది. ఫ్లాస్కు చెబుతుందా? వ్యాన్ చెబుతుందా? బాయిలరా?

ఏదీ చెప్పలేదు. ఆమె తల తిప్పి కిటికీలోంచి చూసేసరికి బావగారు వీధి మలుపు దగ్గర ఉన్నాడు. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో వైర్ల సంచీ, చంకలో ల్యాప్‌టాప్. సంచీలోంచి జారిన వైరు ఒకటి వెనకాలే నేల మీద పాకుతూ పోతోంది.

"వెళ్ళొస్తానని ఒక్క మాటైనా అనలేదు చూడు" అన్నాడు భర్త.

ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే మలుపు తిరిగాడు. ఆమె చేతిలో ఫోన్ మోగింది.

"తలుపు సరిగ్గా వేయలేదు."